పసుపు సంచి మామ

"మామ జీవితంలో ఎవర్నీ అనుమానించి ఎరగడు."

గ్రూపులో ఈ మాట రాసింది ప్రవీణ్. మామ పోయాడన్న కబురు కిందనే రాశాడు. దాని కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. ఊరి చివర మనలిలో ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సుని నేను. ఆ సమయానికి కంట్లో నలక పడిన వెల్డరొకాయన నా ముందు తల వెనక్కి వాల్చి కూర్చుని ఉన్నాడు. చుక్కలు వేసి, కంటికి దూది పెట్టి, ఆయన్ని పంపించేసి, మళ్ళీ ఫోన్ తీసి ఆ మాట ఇంకోసారి చదివాను. ఒళ్ళు మండిపోయింది.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం లోకరీతి, కాదనను. మామ గురించి చెప్పుకోవాలంటే నలభై ఉన్నాయి. అవన్నీ వదిలేసి లేనిదాన్ని అంటగట్టడం ఎందుకు? మామ నన్ను సంచి తెరవమన్నాడు. ఎనిమిది మంది కూర్చున్న గదిలో నన్నొక్కదాన్నే. అప్పుడు నా ఎదురు కుర్చీలో కూర్చుని చూసినవాడు ఈ ప్రవీణే.

ఆయన పేరు రాయను. బతికుండగా ఎవరూ పేరు పెట్టి పిలిచింది లేదు. చింతాద్రిపేటలో ఒక బైండింగ్ షాపులో పని. పొట్టి మనిషి, ఎప్పుడూ లుంగీ పైన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. వేళ్ళకు మైదా జిగురు ఎండిపోయి ఉండేది, మాట్లాడుతున్నంతసేపూ దాన్ని గోకుతూ ఉండేవాడు. కాగితాల కట్ట చేతికిస్తే విసనకర్రలా పరిచి అయిదేసి చొప్పున లెక్కపెట్టేవాడు. చూడనవసరం లేదు, ఎవరితోనో మాట్లాడుతూనే లెక్క ముగించి, "ఒకటి తక్కువుండాది" అనేవాడు. తక్కువే ఉండేది.

ఇంకొకటి ఆయన పసుపు సంచి. పెళ్ళిళ్ళలో తాంబూలం వేసిచ్చే గుడ్డసంచి, పెళ్ళివారి పేర్లు ఉతికి ఉతికి మాసిపోయాయి. ఎక్కడినుంచి బయటికి వచ్చినా సరే, గడప దగ్గర నిలబడి ఆ సంచి నోరు రెండు చేతులతో వెడల్పుగా తెరిచి, అక్కడున్నవాళ్ళకు చూపించి మరీ కదిలేవాడు. సూపర్ మార్కెట్లో వాచ్‌మన్‌కు చూపించాడంటే సరే. చర్చిలో పాస్టరుకు చూపించేవాడు. వ్యాసర్పాడిలో మా ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్తూ మా అమ్మకు చూపించాడు. లోపల టిఫిన్ డబ్బా, కళ్ళజోడు పెట్టె, ఒక తువాలు.

"ఇదేందన్నా, మా ఇంట్లో ఏముండాదని ఎత్తుకోని పోతావు?" అని మా అమ్మ నవ్వింది.

"అలవాటు చెల్లీ" అన్నాడు మామ.

ఆ అలవాటు ఎక్కడిదో తర్వాత నాకు చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద ప్రెస్సులో పని. సాయంత్రం గేటు దగ్గర కూలివాళ్ళ సంచులు వెతికేవాళ్ళు. ఆఫీసువాళ్ళు పక్క గేటు నుంచి పోయేవాళ్ళు. "అడిగినాక చూపిస్తే దొంగ మాదిరి పాపా. అడక్కముందే చూపిస్తే దొర మాదిరి" అన్నాడు. ఏదో గొప్ప కిటుకు కనిపెట్టినట్టు కళ్ళెగరేశాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఇంతకూ నేను ఆయనకు ఎలా తెలిశానంటే, నర్సింగ్ చదువుతున్నప్పుడు రికార్డు పుస్తకం బైండు చేయించడానికి ఆ షాపుకు వెళ్ళాను. అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, "యాసర్పాడి పాపవా?" అని అడిగాడు. తనూ అక్కడ పుట్టినవాడే. మా వీధికి అవతలి వీధి, రైల్వే యార్డు గోడ పక్కన. ఆ పేట పేరు వింటే ఊళ్ళోవాళ్ళు జేబులు తడుముకుంటారు, అందుకని ఆ సంగతి షాపులో ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గించాడు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది రికార్డు పుస్తకం కాదు, రంగురంగుల బొమ్మ కార్డు. అలా నన్నూ ఆ ఆటలోకి దించాడు.

ఆ ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. పేకాట కాదది. కార్డుల మీద భూతాలు, కోటలు, మంత్రగత్తెలు, గాలివానలు, ఒక్కోదానికి ఒక్కో శక్తి. కంపెనీవాళ్ళు ఏటా కొత్త సెట్లు వదులుతుంటారు, జనం కొని ఆల్బమ్‌లలో దాచుకుంటారు. డ్రాఫ్టు అంటే, ఎనిమిది మంది బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పొట్లం విప్పుతారు. నచ్చిన కార్డు ఒకటి ఉంచుకుని మిగతావి పక్కవాళ్ళకు ఇస్తారు. అలా తిరిగి తిరిగి పొట్లాలు అయిపోయాక, చేతికి ఏం వచ్చిందో దానితోనే ఆడాలి. అందరూ ఒకే సెట్టు పొట్లాలతో ఆడతారు. ఏ కార్డు దేనికి జోడీయో ముందే చదువుకుని వస్తారు.

మామకు ఆ చదువు లేదు. ఒక కార్డుల దుకాణం మూతపడితే, అమ్ముడుపోని సరుకు నాలుగు గోతాలు పాత కాగితాల కింద బైండింగ్ షాపుకు వచ్చాయి. ముక్కలు కోయమని ఓనరు మామకిచ్చాడు. మామ మొదటి కట్ట మిషన్ కింద పెట్టి, పైనున్న బొమ్మ చూసి, బ్లేడు దించలేకపోయాడు. ఓనరును బతిమాలి నాలుగు గోతాలూ మేడ మీది గదిలో రెండు ట్రంకు పెట్టెల్లో సర్దుకున్నాడు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో చేరిన ప్రవీణ్, తన కార్డులకు అట్టపెట్టె కట్టించుకోవడానికి వచ్చి ఆ ట్రంకులు చూసి, ఆయనకు ఆట నేర్పాడు. ఆ ఒక్క మంచి పని మాత్రం అతని ఖాతాలో రాస్తాను.

ఆదివారాలు ఆ మేడ గదిలో మామ ఆడించిన డ్రాఫ్టు పేరు కదంబం. ఏ ఏడాదిదో, ఏ సెట్టుదో, ఏ దేశానిదో చూడకుండా పదిహేను కార్డులు ఏరి, ప్రెస్సులో మిగిలిన కాగితపు పట్టీ చుట్టి, జిగురు పెట్టి పొట్లం కట్టేవాడు. చూడకుండా అన్నాను గానీ ఆయన చూపు ఆయనకుంది. ఒక జంతువు, ఒక ముసలి మొహం, ఒక నీళ్ళ బొమ్మ, ఒక నిప్పు ఉండి తీరాలి. "మల్లిపూలే కడితే ఒట్టి మాల. కదంబమంటే మరువం ఉండాల, దవనం ఉండాల" అనేవాడు. చదువుకుని వచ్చినవాళ్ళు ఆ పొట్లాలు విప్పి తలలు పట్టుకునేవాళ్ళు.

"మామా, దీని జోడీ కార్డు ఈ పెట్టెల్లోనే లేదు. ఇది పనిచెయ్యదు" అనేవాడు ప్రవీణ్.

"పనిచెయ్యకుంటే ఏమిలే, పక్కన కూర్చోనీ" అనేవాడు మామ.

ఇంకో తిరకాసు, సగం కార్డులు జపాన్ భాషవి. నేను ఫోన్లో అర్థం వెతికి మన తెలుగులో చెప్పేదాన్ని, మామ చీటీ మీద రాసేవాడు. చదివింది కార్పొరేషన్ బడిలో తమిళం, అందుకని తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో రాసేవాడు. పెళ్ళిపత్రికల అట్టల్లో మిగిలిన ముక్కల్ని మిషన్ మీద కార్డు కొలతకు కోసి చీటీలు చేసేవాడు. కార్డు ఎంత మందమో చీటీ అంతే మందం. కార్డు వెనక చీటీ పెట్టి, రెండూ కలిపి ప్లాస్టిక్ కవర్లో తోసేవాడు. కవరు వెనక వైపు నల్లగా ఉంటుంది, ముందు నుంచి కార్డు మాత్రమే కనిపిస్తుంది. పట్టుకుంటే మందంగా ఉందంటే అది జపాన్‌ది. ఆ చీటీలు చదవగలిగిన తమిళ అబ్బాయిలకు అర్థం తెలియదు, అర్థం తెలిసిన ప్రవీణ్‌కు చదవరాదు. వాడు గట్టిగా చదివితే వీడు అర్థం చెప్పాలి. బల్ల మీద రహస్యమన్నది మిగిలేది కాదు. మామ అది చూసి మురిసిపోయేవాడు.

రెండే నిబంధనలు. పొట్లం విప్పగానే అందరికీ వినపడేలా అయిదు, పది, పదిహేను అని తెలుగులో లెక్కపెట్టాలి, తమిళవాళ్ళయినా సరే. ఆట ముగిశాక కార్డులన్నీ తిరిగి పెట్టెకు ఇచ్చేయాలి. పొట్లాల నిండా ఉన్నది దుకాణాలు పారేసిన సరుకే, ఒక్కటి తప్ప. సముద్రపు ఒడ్డున దీపస్తంభం, కింద చీపురు పట్టుకున్న ముసలమ్మ. జపాన్‌ది. పొరపాటున ఆ గోతాల్లో పడింది. దానికోసం ఊళ్ళో కార్డుల దుకాణాలవాళ్ళు కొట్టుకుంటారని చెప్పింది ప్రవీణే. ఎన్నిసార్లు అడిగాడో తనకు ఇచ్చేయమని. "పెట్టెలోది పెట్టెలోనే" అనేవాడు మామ.

ఆ ఆదివారం వాన. చర్చి నుంచి నేరుగా వెళ్ళాను. దీపస్తంభం ఆ రోజు నాకు వచ్చింది, దానితోనే ప్రవీణ్‌ను ఓడించాను. ఆట అయిపోయాక టీ కెటిల్ తగిలి నా ముందున్న కార్డుల మీద ఒలికింది. కింద షాపులోకి గుడ్డ కోసం పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి మామ తడిసిన కార్డులన్నీ కవర్లలోంచి తీసి, తువాలుతో తుడిచి, కొత్త కవర్లలోకి తోస్తున్నాడు. కళ్ళజోడు మీద టీ పడిందని తీసి పక్కన పెట్టాడు. "చీటీలు కొన్ని నానిపోయినాయి పాపా, మళ్ళా రాయాల" అన్నాడు.

తర్వాత లెక్క. తలా మూడు పొట్లాలు, అంటే నలభై అయిదు కార్డులు తిరిగి ఇవ్వాలి. నావి నలభై నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. మామ లెక్కపెట్టాడు. దీపస్తంభం లేదు.

బల్ల కింద వెతికాం, మెట్ల మీద వెతికాం, కెటిల్ ఎత్తి చూశాం. తర్వాత అందరూ నా వైపు చూడకుండా ఉండడానికి కష్టపడుతున్నారు. ఆ గదిలో ఆడపిల్లను నేనొక్కదాన్ని, వ్యాసర్పాడి నుంచి వచ్చేదాన్ని నేనొక్కదాన్ని. అప్పుడు మామ అన్నాడు:

"పాపా, నీ బ్యాగు ఒకసారి తెరిచి చూపించేయి."

ప్రవీణ్ కాళ్ళ దగ్గర నాలుగు ఆల్బమ్‌ల నిండా కార్డులున్న బ్యాగు ఉంది. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. నేను జిప్పు తీశాను. మామ లోపలికి చూడనైనా చూడలేదు. నా చేతుల్లోంచి తీసుకుని, తన పసుపు సంచిని పట్టుకున్నట్టే రెండు చేతులతో నోరు వెడల్పు చేసి, బల్ల చుట్టూ తిప్పి అందరికీ చూపించాడు. లోపల బైబిలు, గొడుగు, టిఫిన్ డబ్బా, నెలసరికి పెట్టుకున్న పొట్లం.

"చూసినారు కదా. సరి. ఇంక ఎవురూ దీని గురించి మాట్లాడబాకండి" అన్నాడు.

నేను నోరు తెరవలేదు. తెరవాల్సింది. మిగతా ఏడు బ్యాగులూ బల్ల మీద పెట్టమనాల్సింది. ఆ రోజు అనని మాటలు అయిదేళ్ళుగా బస్సులో కూర్చున్నప్పుడల్లా అనుకుంటూనే ఉన్నాను.

తర్వాతి ఆదివారం కూడా వెళ్ళాను. మానేస్తే అదే తీసిందంటారు కదా. మెట్ల మీద మామను నిలబెట్టి అడిగాను.

"ఏంటికి మామా నన్నొక్కదాన్నే అడిగినావు? నేను తీసినాననుకున్నావా?"

"నువ్వు తీస్తావా పాపా? నేను అడక్కుంటే వాళ్ళు అడిగుందురు. వాళ్ళు అడిగితే నువ్వు దొంగవి. నేను అడిగితే ఇంటి మనిషివి. కోపం చేసుకోబాక."

"మరి వాళ్ళ బ్యాగులు?"

ఆయన వేలి మీది జిగురు గోకడం ఆపి నా మొహంలోకి చూశాడు. ఆ ఆలోచన నిజంగానే ఆయనకు రాలేదు. "వాళ్ళనెట్ట అడిగేది పాపా" అన్నాడు.

నాకు దుఃఖం రాలేదు, మంట పుట్టింది. నన్ను కాపాడానని ఆయన నమ్మకం. గేటు దగ్గర మనం నిలబడే వరస ఒకటి, వాళ్ళు పోయే దారి ఒకటి అని ఆ ప్రెస్సువాళ్ళు ఆయన తలలోకి ఎక్కించిన పాఠాన్ని, ఆయన ప్రేమగా తెచ్చి నా నెత్తిన పెట్టాడు. తిడదామంటే ఎదురుగా ఉన్నది మామ.

ఒక సంవత్సరం పాటు ప్రతి ఆదివారం వెళ్ళాను. మామ నన్ను తన పక్క కుర్చీలోనే కూర్చోబెట్టుకునేవాడు. అది గౌరవమని ఆయన అనుకున్నాడు, కాపలా అని మిగతావాళ్ళు అనుకున్నారు. పోయేటప్పుడు గడప దగ్గర ఆగి నా బ్యాగు జిప్పు బర్రున తీసి అందరికీ చూపించేదాన్ని. మొదట ఒళ్ళు మండి చేశాను. తర్వాత తర్వాత చెయ్యి దానంతటదే పోయేది. మామ మాత్రం అది చూసి, నాకు బుద్ధి వచ్చిందన్నట్టు తల ఊపేవాడు. మనలిలో ఉద్యోగం వచ్చాక మానేశాను. మామ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మూడోసారి చేసి ఉంటే ఎత్తేదాన్నేమో. చెయ్యలేదు.

ఇప్పుడు ఆయన పోయాక, ఆయన జ్ఞాపకార్థం ఆఖరి కదంబం ఆడదామని ప్రవీణ్ పిలిచాడు. మామ కట్టి ఉంచిన పొట్లాలు పెట్టెలో ఉన్నాయట. డ్యూటీ ఉండి సమాధి దగ్గరికి పోలేకపోయాను. దీనికి మాత్రం సెలవు పెట్టి వెళ్ళాను. మామ కోసం వెళ్ళానని చెప్పను. ఆ మాట రాసినవాడి మొహం చూద్దామని వెళ్ళాను.

అదే గది, అదే బల్ల. మామ కుర్చీ ఖాళీగా వదిలారు. తలుపు పక్కన మేకుకు పసుపు సంచి వేలాడుతోంది, సాగి సాగి దాని నోరు మూసుకోవడం కూడా మానేసింది. ప్రవీణ్ మామ గురించి మాట్లాడి కళ్ళు తుడుచుకున్నాడు. పొట్లాలు పంచారు.

రెండో పొట్లం విప్పి లెక్కపెట్టాను. అయిదు, పది, పదిహేను. పై కార్డు దగ్గర వేలు ఆగింది. మందంగా ఉంది. చూస్తే ఇంగ్లీషు కార్డు, గాలిమర బొమ్మ. ఇంగ్లీషు కార్డుకు చీటీ ఎందుకు? మామ దేని చీటీనో దీనికి పెట్టి ఉంటాడని కవర్లోంచి రెండూ బయటికి లాగాను. గాలిమర వెనక ఉన్నది చీటీ కాదు. దీపస్తంభం. దాని కింద ముసలమ్మ. అంచున ఎండిపోయిన టీ మరక.

అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. కళ్ళజోడు లేకుండా, తడి చేతులతో, ఒకటి కార్డు, ఇంకోటి చీటీ అనుకుని రెండూ కలిపి ఒకే కవర్లో తోసేశాడు. తర్వాత లెక్కపెడితే కవర్లే లెక్కకు వచ్చాయి. ఎన్నిసార్లు ఆ కవరు ఆయన వేళ్ళ కిందికి వచ్చి ఉంటుందో. మందంగా తగిలితే జపాన్‌దిలే అనుకుని పొట్లంలో పెట్టేసి ఉంటాడు. లెక్క తప్పవని పేరున్న ఆ వేళ్ళు తప్పాయి. నన్ను నిలబెట్టి బ్యాగు తెరిపించింది ఆ తప్పు.

"పదహారు" అన్నాను గట్టిగా.

"పదహారేంటి? మామ పొట్లంలో లెక్క తప్పదే" అన్నాడు ప్రవీణ్.

కార్డు బల్ల మధ్యలో పెట్టాను. ఎవరూ ముట్టుకోలేదు. ఎలా జరిగిందో వాళ్ళే ఒకరికొకరు చెప్పుకున్నారు. టీ ఒలికిన సంగతి అందరికీ గుర్తుంది, నా బ్యాగు సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఇన్నాళ్ళూ ఇక్కడే ఉందా. సారీ సలోమీ" అన్నాడు చివరికి ప్రవీణ్. "ఇది నువ్వే ఉంచుకో. మామ గుర్తుగా" అని ఆ కార్డును నా వైపు జరిపాడు.

"ఆ పొద్దు ఇది నా బ్యాగులో ఉండాదా అని చూసినారు. ఇప్పుడు మీరే తెచ్చి నా బ్యాగులో వేస్తా ఉండారు" అన్నాను. అతను తల దించుకున్నాడు. నాకు జాలి వేయలేదు.

మామ ఉండి ఉంటే ఆ కార్డు ఆయన కళ్ళజోడుకు ఆనించి చూపించేదాన్ని. ఏమనేవాడో తెలుసు. "దొరికింది కదా పాపా, సరి" అనేవాడు. తప్పు చేశానని ఆయనకు తోచేదే కాదు. ఆ మనిషిని నేను క్షమించలేదు. నలభై ఏళ్ళు ప్రతి గడప దగ్గరా ఆయన సంచి తెరిచి చూపిస్తుంటే, చాలన్నా మూసుకో అని ఒక్కరు చెయ్యి పట్టుకుని ఆపిన పాపాన పోలేదు. వాళ్ళనూ క్షమించలేదు. ఆ వాళ్ళలో కిసుక్కున నవ్విన నేనూ ఉన్నాను.

దీపస్తంభానికి ఒక కవరు వెతికి వేసి పెట్టెలో పెట్టాను. పెట్టెలోది పెట్టెలోనే. బ్యాగు తీసుకుని గడప దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే జిప్పు మీదికి పోయింది. వెనక బల్ల చుట్టూ ఏడుగురు చూస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మేకుకు వేలాడుతున్న పసుపు సంచి చెవులు రెండూ దగ్గరికి లాగి గట్టిగా ముడివేసి, నా బ్యాగు తెరవకుండానే మెట్లు దిగాను.